ద్వారపాలకుని కలం: పత్రికా రచయితగా పి.వి. నరసింహారావు

పి.వి. నరసింహారావు (1921–2004) జీవితం గురించి వెలువడిన రచనల్లో కాకతీయ పత్రికకు దక్కిన చోటు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలే. వరంగల్లులో కొంతకాలం ఒక తెలుగు వారపత్రికకు సంపాదకత్వం వహించారు, తరువాత రాజకీయాల్లో ప్రవేశించారు అనే ఆ వాక్యాలు పత్రికా రచనను ఒక మెట్టుగా, రాజకీయ జీవితాన్ని ఆ మెట్టెక్కి చేరుకున్న మేడగా చూపుతాయి. మేడ మీదికి చేరినవాడు మెట్టును తలచుకోకపోవడం లోకసహజం. చరిత్ర రాసేవారు కూడా తలచుకోకపోవడమే చిక్కు. 1949లో మారుపేరుతో కథ ప్రచురించిన వ్యక్తే, నాలుగు దశాబ్దాల రాజకీయ జీవితం గడిచాక, 1990లో మరో పత్రికకు మళ్ళీ మారుపేరుతోనే వ్యాసం రాశారు. ఈ మధ్యకాలంలో ఆయన శాసనసభ్యుడిగా, మంత్రిగా, ముఖ్యమంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేశారు. మరుసటి ఏడాదే ప్రధానమంత్రి అయ్యారు. పేరు దాచి రాయడం యౌవనంలో అలవడి అక్కడే ఆగిపోయిన సరదా కాదని, ఆయన రాజకీయ ప్రవర్తనలో మొదటినుంచీ చివరిదాకా సాగిన పద్ధతి అని ఆయన రచనల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పత్రికలు పుట్టిన నేల

2016 అక్టోబరులో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా పూర్వపు వరంగల్లు జిల్లా భాగాలు. భూపాలపల్లిలో మహదేవపురం, కాటారం వైపు ప్రాంతం మాత్రం పూర్వపు కరీంనగరం జిల్లా నుంచి వచ్చి చేరింది. పి.వి. పుట్టిన లక్నేపల్లి నర్సంపేట దాపున ఉంది. ఆయన దత్తత వెళ్ళిన వంగర నేడు హనుమకొండ జిల్లాలో ఉంది. అంటే ఈ మూడు జిల్లాలూ ఆయన స్వస్థలానికి చుట్టూ పరచుకొన్న ప్రాంతమే.

ఈ ప్రాంతానికి పత్రికా చరిత్ర కొత్త కాదు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో తెనుగు పత్రికను వెలువరించారు. అదే సంవత్సరం నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో, ఒక మారుమూల పల్లెలో స్వంతంగా అచ్చుయంత్రం నెలకొల్పి వారపత్రికను నడపడం ఎంతటి సాహసమో, పత్రిక పెట్టడానికీ సభ జరపడానికీ సర్కారు అనుమతి తప్పనిసరి అయిన ఆనాటి పరిస్థితి తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. సభలపై ఆంక్షలు విధించిన గస్తీ నిషాన్ 53ను ఆంధ్రోద్యమ చరిత్ర చదివినవారందరూ ఎరుగుదురు. అటువంటి నిర్బంధంలో రాసే వాక్యానికి రెండు పొరలు ఏర్పడడం సహజం. పైకి కనిపించే అర్థం సర్కారు కోసం, లోపలి అర్థం పాఠకుని కోసం.

ఈ నేల పత్రికా రచయిత నుంచి వసూలు చేసిన మూల్యం కూడా చిన్నది కాదు. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1920లో మహబూబాబాద్ తాలూకాలో జన్మించాడు. తేజ్, రయ్యత్ పత్రికలలో పనిచేసి, వాటిని ప్రభుత్వం నిషేధించగా బూర్గుల రామకృష్ణారావు సహాయంతో ఇమ్రోజ్‌ను స్థాపించాడు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనం కావాలని తన పేరుతో, తన సంతకంతో రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక హైదరాబాదులో రజాకార్లు అతని చేతిని నరికి, కాల్చి చంపారు. పి.వి. కంటే అతడు ఒక ఏడాది పెద్ద. అతనికి అండగా నిలిచిన బూర్గుల వద్దనే పి.వి. న్యాయవాదిగా జూనియర్‌గా పనిచేశారు. ఒకే తరానికి చెంది, ఒకే పెద్దమనిషి నీడలో ఉన్న ఇద్దరిలో ఒకరు పేరు పెట్టి రాసి ప్రాణం పోగొట్టుకున్నారు. మరొకరు పేరు దాచి రాశారు. ఇందులో ఎవరి ధైర్యం ఎక్కువ అని తూకం వేయడం అనుచితం. కాని ఇమ్రోజ్ సంపాదకుని మరణం జరిగిన కొద్దికాలానికే వరంగల్లులో కొత్త పత్రికలో కలం పట్టిన యువకులకు ఆ మరణం మనసులో మెదలకుండా ఉండి ఉంటుందని అనుకోలేం.

జయ – విజయ

పి.వి. విద్యాభ్యాసం ఉద్యమం వల్లనే దారి మళ్ళింది. 1938 వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు సంస్థానంలో చదువు సాగక నాగపూరుకు వెళ్ళవలసివచ్చింది. తరువాత పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలో, మళ్ళీ నాగపూరులో న్యాయశాస్త్రంలో చదువు పూర్తిచేశారు. ఆ ప్రవాసం ఆయనకు మరాఠీని, హిందీని ఇచ్చింది. 1947–48లో స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలలో ఒకటైన చాందా శిబిరంలో పనిచేశారు. స్వామి రామానంద తీర్థ అనుయాయిగా కాంగ్రెస్‌లో ఎదిగారు.

కాకతీయ పత్రిక ఈ నేపథ్యంలోనిది. దూరపు బంధువు, చిన్ననాటి సహచరుడు పాములపర్తి సదాశివరావు, మరికొందరు మిత్రులతో కలిసి పి.వి. 1940ల చివర ఈ వారపత్రికను నడిపారు. ఇద్దరూ ‘జయ–విజయ’ అనే జంట కలం పేరుతో వ్యాసాలు రాసేవారు. చిన్న వారపత్రికలో ఇద్దరు ముగ్గురే పుటలన్నీ నింపవలసి వచ్చినప్పుడు మారుపేర్లు వాడడం సంపాదకులందరికీ తెలిసిన కిటుకు. ఆ మేరకు దీనిలో విశేషమేమీ లేదు. విశేషం ఎంచుకున్న పేరులో ఉంది.

జయవిజయులు వైకుంఠ ద్వారపాలకులు. భాగవతం చదివిన ఏ తెలుగు పాఠకునికైనా ఈ పేరు వినగానే సనకసనందనాదుల శాపం గుర్తుకు వస్తుంది. ద్వారపాలకుడు లోపలివాడా, బయటివాడా అన్న ప్రశ్నకు సమాధానం సులభం కాదు. స్వామికి అత్యంత సన్నిహితుడు, కాని గర్భగుడిలోకి చూపు సారించకుండా బయటికి ముఖం పెట్టి నిలబడవలసినవాడు. శాపవశాన స్వామికే శత్రువుగా మూడు జన్మలెత్తినవాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ ఇద్దరు యువకులు ఈ అర్థాలన్నీ ఆలోచించి ఆ పేరు పెట్టుకున్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. జంటగా రాసేవారికి జంట పేరు అందంగా తోచి ఉండవచ్చు. అయితే అర్ధశతాబ్దం తరువాత పి.వి. తన నవలకు ‘ది ఇన్‌సైడర్’ అని పేరు పెట్టారు. అది తెలుగులో ‘లోపలి మనిషి’గా వచ్చింది. ద్వారం దగ్గర మొదలైన ప్రశ్న లోపలికి వెళ్ళిన తరువాత కూడా ఆయనను వదలలేదని ఆ శీర్షికే చెబుతుంది.

గొల్ల రామవ్వ

1949లో కాకతీయ పత్రికలో ‘విజయ’ పేరుతో వెలువడిన ‘గొల్ల రామవ్వ’ కథ పి.వి. సృజనాత్మక రచనల్లో నేడు ఎక్కువగా చదువుతున్నది. నిజాం పోలీసులను ఎదిరించి, రాత్రివేళ తప్పించుకొని వచ్చిన ఒక యువకుడు మనవరాలితో ఒంటరిగా బతుకుతున్న ముసలి గొల్ల స్త్రీ ఇంట్లో తలదాచుకుంటాడు. తెల్లవారేసరికి పోలీసులు వస్తారు. రామవ్వ ఆ యువకుని వేషం మార్పించి, అతడు తన మనవరాలి మొగుడని వారిని నమ్మించి కాపాడుతుంది.

ఈ కథపై వచ్చిన వ్యాఖ్యానాలు రామవ్వ సాహసాన్ని, తెలంగాణ పలుకుబడిలో నడిచిన సంభాషణలను ప్రశంసించాయి. రెండూ న్యాయమైన ప్రశంసలే. పోరాటాన్ని నాయకుని వైపు నుంచి గాక, అతనికి తలుపు తీసిన పేదరాలి వైపు నుంచి చెప్పడం ఆనాటికి అరుదు. కాని కథా నిర్మాణంలో గమనించవలసిన మరొక అంశం ఉంది. ఆ యువకుని ప్రాణం నిలిపింది తుపాకి కాదు. పరుగు కూడా కాదు. తనది కాని పేరు, తనది కాని కులం, తనది కాని బంధుత్వం అతన్ని బతికించాయి. చదువుకున్నవాడు చదువులేనివాని రూపం ధరించి అధికారం కళ్ళ ముందే కూర్చుంటాడు, అధికారం అతన్ని పోల్చుకోలేక వెనుదిరుగుతుంది. మారుపేరుతో రక్షణ పొందిన వ్యక్తి కథను మారుపేరు చాటున ఉన్న రచయిత చెప్పాడు. కథలోని వేషం, కథ కింది సంతకం ఒకే పనిని చేస్తున్నాయి.

కథాకాలం నిజాం పాలన, ప్రచురణకాలం ఆ తరువాతిది. ఈ ఎడం కూడా ముఖ్యమే. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా పల్లెల్లో తుపాకుల చప్పుడు ఆగలేదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలైన తరువాత జనగామ తాలూకా సాయుధ పోరాటానికి గుండెకాయ అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకోవడానికి దేశముఖును ఎదిరించిన సంఘటన ఆ తాలూకాదే. ఆ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించేదాకా భారత సైన్యం అక్కడ కమ్యూనిస్టు దళాలను వెంటాడుతూనే ఉంది. అటువంటి 1949లో, పోలీసుల నుంచి పారిపోయిన యువకునికి పల్లె ముసలమ్మ ఆశ్రయమిచ్చిన కథను చదివిన పాఠకుడు దాన్ని కేవలం గతంగా చదివి ఉంటాడా? రచయిత కాంగ్రెస్‌వాడు. కథలోని పోలీసులు నిజాంవారు. పైపొరలో కథ నిరపాయకరమైనది. లోపలి పొరలో మాత్రం సాయుధుని దాచిన పేదరాలి పట్ల సానుభూతి ఉంది. ఆ సానుభూతికి కాలం, పార్టీ అన్న హద్దులు పెట్టడం కష్టం. ఇనుగుర్తి నాటి రెండు పొరల వాక్యం ఇక్కడ కథారూపం దాల్చింది.

ఒక కాంగ్రెస్‌వాదికి ఈ సానుభూతి ఎన్నికల్లో పనికిరాలేదన్నది చరిత్ర చేసిన పరిహాసం. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకు పోటీచేసిన పి.వి., సాయుధ పోరాట నాయకుల్లో ఒకరైన బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో మరో సంపాదకుడు, గోలకొండ పత్రికకు ప్రాణం పోసిన సురవరం ప్రతాపరెడ్డి, వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. సురవరం 1953లోనే కన్నుమూయడంతో ఆ సంపాదకుని శాసనసభా జీవితం చాలా కొద్దికాలమే సాగింది. పత్రికను వదిలి చట్టసభకు వెళ్ళిన సంపాదకుడు అక్కడ ఏమవుతాడన్న ప్రశ్నకు తెలంగాణలో సుదీర్ఘమైన ఉదాహరణ పి.వి. ఒక్కరే.

మంథని నుంచి హైదరాబాదుకు

1957లో పి.వి. మంథని నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1962, 1967, 1972లలోనూ అక్కడినుంచే గెలిచారు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ అటవీ ప్రాంతంలో కాటారం, మహదేవపురం మండలాలు నేడు భూపాలపల్లి జిల్లాలో ఉన్నాయి. 1962లో మంత్రివర్గంలో చేరినప్పుడు ఆయనకు అప్పగించిన శాఖలలో న్యాయంతోపాటు సమాచార శాఖ కూడా ఉంది. ప్రభుత్వం చెప్పనిది పాఠకునికి చేర్చడం పత్రికా రచయిత పని. ప్రభుత్వం చెప్పదలచుకున్నది పత్రికలకు చేర్చడం సమాచార మంత్రి పని. ద్వారపాలకుడు ద్వారానికి అవతలి పక్కకు మారాడు.

ఆ తరువాత విద్యామంత్రిగా ఆయన చేసిన పని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు సుపరిచితం. 1966లో తెలుగును అధికార భాషగా నిర్ణయించిన చట్టం వచ్చినప్పుడు ఆయన న్యాయశాఖ మంత్రి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు దాని అధ్యక్షుడు. 1974 వరకూ ఆ పదవిలో ఉన్నారు. ఉన్నత విద్యను తెలుగులో చెప్పాలంటే ముందు పాఠ్యపుస్తకాలు ఉండాలి, పుస్తకాలకు పరిభాష ఉండాలి అన్న క్రమాన్ని గుర్తించి పని మొదలుపెట్టడంలో సంపాదకుని అనుభవం కనిపిస్తుంది. తలకట్టు ప్రకటించి లోపలి పుటలు ఖాళీగా వదిలే అలవాటు సంపాదకునికి ఉండదు.

అదే 1968లో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కు పి.వి. చేసిన హిందీ అనువాదం ‘సహస్రఫణ్’ను భారతీయ జ్ఞానపీఠ్ ప్రచురించింది. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్ష్యాంత్ కోణ్ ఘేతో’ను ఆయన ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారు. ఈ రెండు ఎంపికలను పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒకటి కూలిపోతున్న సంప్రదాయ వ్యవస్థ పట్ల అపారమైన వేదనతో రాసిన నవల. రెండవది ఆ సంప్రదాయం కిందే నలిగిన స్త్రీ తన గోడును తానే చెప్పుకొన్న నవల. పరస్పరం విరుద్ధమైన ఈ రెండు గొంతులనూ ఒకే అనువాదకుడు ఎత్తుకోగలిగాడు. అనువాదం ఒక రకమైన మారుపేరు. అక్కడ పలికేది తన భాష, చెప్పే మాట మాత్రం మరొకరిది. రామవ్వ, ధర్మారావు, ఆప్టే కథానాయిక యమున వీరిలో ఎవరు పి.వి. అని అడిగితే, ఎవరూ కాదు, అందరూ అని చెప్పవలసివస్తుంది.

1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయిన తరువాత మాత్రం ఆయన ఏ చాటూ లేకుండా పనిచేశారు. ఆయన జీవితంలో ఇటువంటి కాలం ఇంకొకటి వెతికినా దొరకదు. 1972 ఎన్నికల్లో వెనుకబడిన వర్గాల అభ్యర్థులకు ఎక్కువ చోటు కల్పించారు. ఆ సంవత్సరమే భూసంస్కరణల బిల్లును శాసనసభ ముందుకు తెచ్చారు. 1973లో చట్టరూపం దాల్చిన ఆ శాసనం నేల తరగతిని బట్టి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. స్వయంగా భూస్వామ్య కుటుంబానికి చెందిన ముఖ్యమంత్రి, తన కుటుంబ భూమిని కూడా ఆ చట్టం కిందికే తెచ్చారు. రామవ్వను సృష్టించినవాడూ ‘వేయిపడగలు’ను అనువదించినవాడూ ఇక్కడ ఎదురుపడ్డారు. గెలిచింది రామవ్వను సృష్టించినవాడు.

ఆ గెలుపు ఎక్కువకాలం నిలవలేదు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుపై ముఖ్యమంత్రి బహిరంగంగా చేసిన వ్యాఖ్య కోస్తా ప్రాంతంలో నిప్పు రాజేసింది. జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరిలో ఆయన పదవి వదులుకోగా రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ ఉద్యమానికి ప్రాంతీయ కారణాలు నిజంగానే ఉన్నాయి. భూపరిమితి వల్ల నష్టపోయేవారి కోపం కూడా దానికి ఆజ్యం పోసిందన్న వాదాన్నీ తోసిపుచ్చలేం. ఈ వ్యాసానికి అవసరమైన విషయం వేరు. జీవితంలో ఒకేఒక్కసారి ఆయన స్వంత పేరుతో, స్వంత గొంతుతో, రెండో పొర లేకుండా మాట్లాడారు, చట్టం చేశారు. దాని ఫలితంగా పదవి పోయింది. తరువాతి ఇరవై ఏళ్ళలో లోకం ఎరిగిన మౌని పి.వి.ని 1973 జనవరి తయారుచేసిందనడం సాహసమైన నిర్ధారణే. కాని ఆ సంఘటనకు ముందు ఆయన ఇంత మౌని కాదు.

ఢిల్లీ, ఐరోపా

1977లో, 1980లో హనుమకొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైన పి.వి. 1984లో అక్కడే చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో దేశమంతటా భారతీయ జనతా పార్టీకి దక్కిన రెండు స్థానాల్లో అది ఒకటి. మహారాష్ట్రలోని రాంటెక్ ఆయనను ఆదుకుంది. విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన శాఖలు. జాబితా పొడవైనదే గాని అందులో పత్రికా రచయిత కనిపించే చోట్లు తక్కువ. ముఖ్యమంత్రిగా సర్వేలులో నెలకొల్పిన గురుకుల పాఠశాల, మానవ వనరుల మంత్రిగా తెచ్చిన నవోదయ విద్యాలయాలు ఆ జాబితాలో పల్లె పిల్లల వైపు చూసే పుటలు.

ఐరోపాలో పత్రికల నుంచి చట్టసభకు, అక్కడినుంచి ప్రభుత్వానికి నడిచిన దారి బాగా నలిగినది. వారిలో పి.వి.తో పోల్చదగినవాడు విలీ బ్రాంట్. హిట్లర్ పాలనను తప్పించుకొని నార్వేకు పారిపోయిన హెర్బర్ట్ ఫ్రామ్ అనే జర్మన్ యువకుడు ప్రవాసంలో పాత్రికేయుడిగా బతుకుతూ పెట్టుకున్న మారుపేరు అది. యుద్ధం ముగిశాక అదే అతని చట్టబద్ధమైన పేరయింది. ఆ పేరుతోనే అతడు పశ్చిమ బెర్లిన్ మేయరు, 1969లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్, 1979లో ఐరోపా పార్లమెంటు సభ్యుడు అయ్యాడు. స్వదేశంలో ప్రత్యర్థులు ఆ మారుపేరునే అతనిపై ఆయుధంగా వాడారు. అయినా అతడు దాన్ని వదలలేదు. ఆ పేరుతోనే 1970 డిసెంబరు 7న వార్సాలో, నాజీలు బలిగొన్న యూదుల స్మారకం ముందు, జాతి చేసిన నేరానికి మోకరిల్లాడు. బ్రాంట్ విషయంలో మారుపేరు బయటికి వచ్చి బహిరంగ బాధ్యతగా మారింది. పి.వి. విషయంలో మారుపేరు ఎన్నడూ బయటికి రాలేదు. పాత్రికేయ వృత్తి ఇద్దరికీ ఒకే పనిముట్టును ఇచ్చినా, వారు దాన్ని తిప్పిన దిశలు వేరు.

ఐరోపాతో పి.వి. సంబంధం ప్రధానమంత్రిగా దౌత్యానికి సంబంధించినది. 1991 సెప్టెంబరులో ఆయన జర్మనీ వెళ్ళారు. 1992లోనూ 1994లోనూ స్విట్జర్లాండులోని దావోస్‌లో ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాల్లో పాల్గొన్నారు. 1993 డిసెంబరులో ఐరోపా సమాజంతో సహకార ఒప్పందం కుదిరింది. ఆ వేదికలపై ఆయన వినిపించినది మధ్యేమార్గం. కొత్త విధానాన్ని నెహ్రూ బాటకు కొనసాగింపుగా చూపుతూ, లోపల దాని దిశను మార్చడం ఆ మార్గం సారాంశం. 1991 జులై 24న వెలువడిన పారిశ్రామిక విధాన ప్రకటన 18 పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సు అవసరాన్ని తొలగించింది. అప్పుడు పరిశ్రమల శాఖ ప్రధాని చేతిలోనే ఉంది. అయినా సంస్కరణల పేరు చెప్పగానే దేశానికి గుర్తుకు వచ్చింది ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. శాఖాధిపతి తానైన నిర్ణయానికి సైతం సంతకం మరొకరిదిగా ప్రచారం పొందడాన్ని ఆయన అడ్డుకోలేదు. సంపాదకీయం కింద సంపాదకుని పేరు ఉండదు. ఆ పత్రికా మర్యాదను పరిపాలనలోనూ పాటించిన ప్రధాని ఆయన.

ఈ పద్ధతికి చీకటి ముఖం కూడా ఉంది. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేతకు ముందు వారాల్లో కేంద్ర ప్రభుత్వం నుంచి దేశం ఎదురుచూసినది రెండు పొరల వాక్యం కాదు. అటువంటి ఘడియలో మౌనానికి రెండు అర్థాలు ఉండవు. ఆర్థిక విధానంలో చాటు ఉండడం నేర్పు అనిపించుకుంది. అయోధ్య విషయంలో అదే చాటు బాధ్యత నుంచి తప్పుకోవడంగా మిగిలింది. ఆయన సమర్థకులు రాజ్యాంగపరమైన చిక్కులను ఎత్తి చూపుతారు. చిక్కులు నిజమే. వాటిని ప్రజలకు ఆనాడే విప్పి చెప్పే పనిని పత్రికా రచయిత అయిన ప్రధాని ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు ఆ సమర్థన సమాధానం కాదు.

మళ్ళీ మారుపేరు

1989 ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడిపోయిన తరువాత, 1990 జనవరిలో ఢిల్లీ నుంచి వెలువడే ‘మెయిన్‌స్ట్రీమ్’ వారపత్రికలో ‘కాంగ్రెస్‌మన్’ అనే పేరుతో ఒక దీర్ఘవ్యాసం వచ్చింది. దాని శీర్షికకు ‘మహా ఆత్మహత్య’ అని అర్థం. రాజీవ్ గాంధీ నాయకత్వం పార్టీని ఎలా చేజేతులా దెబ్బతీసిందో లోపలి మనిషికి మాత్రమే తెలిసే వివరంతో అది విమర్శించింది. రచయిత పి.వి. అన్న సంగతి తరువాత బయటపడింది. కొద్ది వారాల క్రితం వరకూ ఆ నాయకుని మంత్రివర్గంలోనే ఆయన విదేశాంగ మంత్రి.

1949 నాటి ‘విజయ’కూ 1990 నాటి ‘కాంగ్రెస్‌మన్’కూ ఒక తేడా ఉంది. మొదటి పేరు వెనుక అధికారం ముందు నిలబడవలసిన యువకుడు ఉన్నాడు. రెండవ పేరు వెనుక అధికారంలో భాగమైన వృద్ధుడు ఉన్నాడు. విజయ దాచుకున్నది పరపాలన నుంచి, కాంగ్రెస్‌మన్ దాచుకున్నది స్వపక్షం నుంచి. ద్వారపాలకుని శాపం ఇక్కడ గుర్తుకు రాక మానదు. తన స్వామినే ఎదిరించడానికి అతడు మరో జన్మ, మరో పేరు ఎత్తవలసి ఉంటుంది. మంత్రివర్గంలో ఉండగా ఈ మాట చెప్పి ఉంటే పార్టీకి మేలు జరిగేదేమో అన్న విమర్శ న్యాయమైనదే. చెప్పి ఉంటే 1991 జూన్ 21న ఆయన ప్రధాని అయ్యేవారు కారన్నదీ అంతే నిజం.

1998లో వచ్చిన ‘ది ఇన్‌సైడర్’లో ఆ చాటు నవలగా మారింది. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే కల్పిత నాయకుడు అక్కడ ఉన్నారు. భూసంస్కరణల కోసం పాటుపడి స్వపక్షంలోనే శత్రువులను కొనితెచ్చుకున్న ఆనంద్‌లో 1972 నాటి ముఖ్యమంత్రిని పోల్చుకోని పాఠకుడు లేడు. అయినా ఆత్మకథ అన్న మాట పుస్తకం మీద లేదు. కథనం ఆయన ప్రధాని అయిన కాలం దాకా రాలేదు. నవలగా దానిలో లోపాలు ఉన్నాయి. రాజకీయ చర్చలు పాత్రలను మింగేసిన అధ్యాయాలు తక్కువేమీ కాదు. గొల్ల రామవ్వలో నాలుగు మాటల్లో నిలబడిన మనిషి, ఇక్కడ నలభై పుటల్లో నిలబడదు. అయితే మంత్రుల కుర్చీల చుట్టూ జరిగే బేరసారాలను ఇంత లోపలినుంచి చెప్పిన భారతీయ నాయకుడు మరొకరు లేరు. అయోధ్యపై ఆయన రాసిన పుస్తకం 2006లో, ఆయన మరణించిన రెండేళ్ళకు వెలువడింది. దాని మీద మాత్రం అసలు పేరే ఉంది. ప్రశ్నిస్తే జవాబు చెప్పడానికి రచయిత లేడు.

‘జయ–విజయ’లలో రెండవవాడు సదాశివరావు. ఆయన ఢిల్లీ దారి పట్టలేదు. వరంగల్లులోనే ఉండి రచయితగా, ఆలోచనాపరుడిగా జీవించి 1996లో మరణించారు. పి.వి. ప్రధాని పదవి నుంచి దిగిపోయిన సంవత్సరం కూడా అదే. ఆనంద్ కథ అచ్చయ్యేనాటికి, మొదటి మారుపేరును ఆయనతో పంచుకున్న మనిషి లేడు.